తాగని గ్లాసుకు పెట్టిన సంతకం

ప్రభుత్వం నాకు తొమ్మిదేళ్లపాటు తాగడానికే జీతం ఇచ్చిందంటే మా మనవలు పడీ పడీ నవ్వుతారు. కోడలు మాత్రం వంటింట్లోంచే, "పిల్లల ముందు ఆ మాటలేంది మామా!" అంటుంది. ఆవిడ భయం ఆవిడది. నేను తాగింది పాలు, టీ, చింతపండు రసం, నిమ్మకాయ షర్బత్, అలూదా. రమ్ము కూడా కొంత ఉందనుకోండి. దాన్ని నాలిక మీద వేసుకుని ఊసేయాలని మా రూలు. ఆ రూలు రాసినవాడు జన్మలో రమ్ము తాగి ఉండడని మా సీనియరు అనేవాడు.

ఇంగ్లీషువాళ్ల జెండా ఇంకా ఎగురుతున్న రోజుల్లో నేను మా దీవి రాజధాని పోర్ట్ లూయీ నగరంలో శానిటరీ ఇన్‌స్పెక్టరుని. టీ కొట్లు, షర్బతు బళ్లు, పాల డబ్బాలు తనిఖీ చేయడం నా పని. మొన్న మా వకోవా ఊరి తెలుగు బడిలో పెద్ద తరగతి పిల్లలకు నా ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఒకమ్మాయి లేచి, "తాతా, అప్పట్లో పోర్ట్ లూయీలో అన్నిటికంటే మంచి డ్రింక్ ఎక్కడ దొరికేది?" అని అడిగింది. అందరికీ చెప్పే జవాబే చెప్పి కూర్చున్నాను. అసలు జవాబు చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాలి, ఆ పిల్లల ముందు నాకు నోరు రాలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. మేమంతా మాట్లాడుకున్నది దీవిలో అందరం మాట్లాడే క్రియోల్ భాషలోనే. సాయంత్రం బడిలో నేర్చుకున్న తెలుగులో దాన్ని నాకు చేతనైనట్టు పెడుతున్నాను, తప్పులుంటే మీ తాతవి అనుకుని మన్నించండి.

మా ఇల్లు రివియేర్ దు రాంపార్ వైపు, చెరకు తోటల మధ్య. మా వాడలో ప్రభుత్వ ఉద్యోగం వచ్చిన మొదటివాణ్ణి నేనే. ఉత్తరం వచ్చిన రోజు అమ్మ దాన్ని తిరగేసి, బోర్లేసి చూసి, దేవుడి పటం ముందు పెట్టి, అప్పుడు చెప్పింది అసలు సంగతి.

"నాయనా, నీకు కొలువు వస్తే అయిదేళ్లు గోవింద నెలలో శనివారాలు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టవని మొక్కినా. సాయంత్రం దీపం పెట్టేదాకా నోట్లో ఏదీ పడకూడదు."

"నేను ముట్టనని నువ్వు మొక్కావా అమ్మా?"

"నేను ముట్టనని మొక్కితే ఆయనకు ఏం గొప్ప? నేను ఎట్లాగూ తినను కదా."

సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే గోవింద మాసం మనవాళ్లకు ఎంత నిష్ఠయినదో మీకు తెలుసు. సరేనన్నాను. తాగడమే నా ఉద్యోగమవుతుందని అప్పటికి నాకూ తెలియదు, అమ్మకూ తెలియదు.

నన్ను ఒక పెద్ద వయసు, మిశ్రమ సంతతి క్రియోల్ ఇన్‌స్పెక్టరు కింద వేశారు. ఆయన్ని సీనియరు అనే అంటాను. పెద్ద పొట్ట, గడ్డి టోపీ, ఎండా వానా లేకుండా చంకలో గొడుగు. నన్ను "గార్సోన్" అని పిలిచేవాడు, అబ్బాయి అని అర్థం. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా నేను ఆయనకు గార్సోన్నే. పాల తనిఖీకి ప్రభుత్వం లాక్టోమీటరు ఇచ్చింది. దాన్ని పాలలో వదిలితే నీళ్లు కలిపారో లేదో చెబుతుంది. మా సీనియరుకు దాని మీద గౌరవం తక్కువ.

"అది నీళ్ల సంగతి చెబుతుంది గార్సోన్. మిగతా దొంగతనాలన్నీ నాలికే పట్టుకోవాలి" అనేవాడు.

ప్రతి కొట్టులోనూ ఒక తనిఖీ పుస్తకం ఉండేది. వెళ్లిన వేళ, లాక్టోమీటరు అంకె, మా సంతకం అందులో రాయాలి. మా సీనియరు పై అధికారులతో నెలల తరబడి పోట్లాడి దానికి ఇంకో గడి చేర్పించాడు. "రుచి" అని దాని పేరు. అచ్చు పుస్తకంలో ఆ గడి ఉండదు. స్కేలు పెట్టి ఎర్ర పెన్సిలుతో ఆయనే ప్రతి పుస్తకంలోనూ గీసేవాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. రుచి గడిలో సంతకం పెట్టేవాడు ముందు అర గ్లాసు తాగి తీరాలి, అదీ పంచదార వేయకముందు.

మొదటి వారమే ఆయన నన్ను నగరమంతా తిప్పాడు. పోర్ట్ లూయీని నేను వీధుల పేర్లతో నేర్చుకోలేదు, గ్లాసులతో నేర్చుకున్నాను. పాత రైలు స్టేషను ఎదుట ఒక టీ హోటలు ఉండేది. జనం ఎక్కే రైళ్లు ఆగిపోయినా అక్కడి ముసలాయన రైలు వేళలకే టీ కాచేవాడు. వెనిలా వాసన, డబ్బా పాల చిక్కదనం, ఇత్తడి గరిట చప్పుడు. రేవు దగ్గర ఒక చైనావాడి కొట్టు. ముందు తలుపు దగ్గర బియ్యం, దారం ఉండలు, కిరోసిన్. పక్క తలుపు దగ్గర రమ్ము. ఓడల మీద బస్తాలు మోసేవాళ్లు నిలబడే తాగి, ఒక గుప్పెడు వేయించిన చేపలు నోట్లో వేసుకుని మళ్లీ పనిలోకి పోయేవాళ్లు. ఆ కొట్టాయన గ్లాసులు తన బనీనుతో తుడిచేవాడు. సీనియరు రెండుసార్లు నోటీసు ఇచ్చాడు. మూడోసారికి కొత్త బనీను కొనుక్కుని దాంతో తుడవడం మొదలుపెట్టాడు.

థియేటరు గోడ నీడలో ఒక లావుపాటి అమ్మ చింతపండు రసం అమ్మేది, ఉప్పూ మిరపకాయా వేసి. ఎండ మాడ్చేసే జనవరిలో అది గొంతులో దిగుతుంటే నాకు మా అమ్మ చారు గుర్తొచ్చేది. ఇవన్నీ ఇప్పుడు లేవు. నేను ఊరికే కళ్లు మూసుకుంటే మాత్రం వరసగా వస్తాయి, ఒక్కటీ తప్పిపోదు. నా వయసులో ఉన్నవాళ్లు జపం చేసుకుంటారు. నేను కొట్లు లెక్కపెట్టుకుంటాను.

ఇక సెంట్రల్ మార్కెట్లో, కూరగాయల వరస చివర మూలన, చాచా అలూదా కొట్టు.

ఆయన్ని అందరూ చాచా అనే పిలిచేవారు. ప్లేన్ వెర్ట్ పేటలో ఇల్లు. ఆ మూల కొట్టు ఆయన తండ్రి నుంచి వచ్చింది. పాలరాతి బల్ల, మూతలున్న రెండు ఎనామిల్ గిన్నెలు, గోనెపట్టాలో చుట్టిన మంచు దిమ్మ. కాచి చల్లార్చిన పాలు, జెల్లీ తురుము, నానిన సబ్జా గింజలు, పంచదార పాకం. ఆయన గరిట ఎత్తి పోస్తుంటే జనం బేరాలు మానేసి చూసేవారు. అది తాగాక మళ్లీ కూరగాయలు మోయడానికి ఓపిక వచ్చేదని ఆడవాళ్లు చెప్పుకునేవారు.

నేను చేరిన రెండో ఏడు చాచాకు పెద్ద జ్వరం వచ్చింది. తగ్గి కొట్టు తెరిచాక ఒక పొద్దున నన్ను, "బేటా, కి మాన్యేర్?" అని అడిగాడు. ఎలా ఉందని. బాగుందన్నాను. ఇంకోసారి అడిగాడు. మూడోసారి కూడా అడిగేసరికి, "ఏం చాచా, నీ చేతి మీద నీకే నమ్మకం పోయిందా?" అని ఆటపట్టించాను. ఆయన నవ్వలేదు. చుట్టూ చూసి మెల్లిగా చెప్పాడు.

"నాలిక చచ్చిపోయింది బేటా. జ్వరంతో పాటే పోయింది. పంచదారా ఇసకా ఒకటే నాకు. గరిటలు లెక్కపెట్టి వేస్తున్నా. ఎవరికీ చెప్పకు."

రుచి తెలియనివాడు అలూదా అమ్ముతున్నాడని తెలిస్తే ఆ కొట్టు ముందు ఎవరు నిలబడతారు? నేను ఎవరికీ చెప్పలేదు, సీనియరుకు కూడా. ఆ రోజు నుంచి ఆ కొట్టులో నేను రెండు అర గ్లాసులు తాగేవాణ్ణి. మొదటిది పాలు, ప్రభుత్వం కోసం. రెండోది అలూదా, చాచా కోసం. పంచదార ఒక గరిట తగ్గించమనో, జెల్లీ ఇంకాస్త ఉడకాలనో చెబితే ఆయన తల ఊపి సరిచేసేవాడు. నాకు కొంచెం గర్వంగానే ఉండేది. నగరమంతా మెచ్చుకునే అలూదాకు నాలిక నాది.

ఇక గోవింద మాసం, నేను చేరిన మొదటి ఏడే వచ్చింది. శనివారాలు ఏం చేయాలి? సీనియరుతో, "ఈ నెల శనివారాలు నా బదులు మీరు రుచి చూడండి" అంటే సరిపోయేది. ఆయన సంతోషంగా తాగేవాడు, మూడో గ్లాసు కూడా అడిగేవాడు. కానీ అప్పటికి నా ఉద్యోగం ఖాయం కాలేదు. చెరకు తోటల్లోంచి వచ్చినవాడికి పూజలూ ఉపవాసాలూ పనికి అడ్డమొస్తున్నాయని ఎవరైనా కాగితం మీద రాస్తారేమోనని నా భయం. అందుకని శనివారం తాగకుండానే రుచి గడిలో "బాగుంది" అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. మొదటి ఏడాది నాలుగు శనివారాలూ ఏ గొడవా లేకుండా దాటాయి. ఒకసారి దాటిన వాగు ఎప్పుడూ దాటుతుందనుకున్నాను.

తరువాతి ఏడు, చాచా జ్వరం తగ్గాక, గోవింద మాసంలో మూడో శనివారం, మా క్రియోల్లో సామ్ది. లాక్టోమీటరు తీస్తుంటే అలవాటు కొద్దీ చాచా గ్లాసు అందుకుని, మళ్లీ బోర్లించేశాడు.

"ఇవాళ సామ్ది కదా, నీ గోవిందా. మా రోజా ఉపవాసాల్లో నువ్వు నా ఎదురుగా మంచినీళ్లు కూడా తాగవు. నీ ఉపవాసం రోజు నేను నీకు గ్లాసు ఇస్తానా? పో బేటా, పాలు మంచివే, ఆ పాలవాడు ఇరవై ఏళ్లుగా పోస్తున్నాడు."

లాక్టోమీటరు అంకె సరిగ్గా ఉంది. ఎనిమిది గంటల వేళ రాశాను. "బాగుంది" అని రాశాను. సంతకం పెట్టాను.

మధ్యాహ్నానికి కస్టమ్స్ ఆఫీసు గుమాస్తాలు, ఇద్దరు టైపిస్టు అమ్మాయిలు, మార్కెట్లో కొందరు కడుపు పట్టుకుని ఆస్పత్రికి చేరారు. అందరూ చాచా కొట్టులో అలూదా తాగినవాళ్లే. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. సీనియరు మిగిలిన పాలు సీసాలో పోసి సీలు వేసి పరీక్షకు పంపాడు. అందులో బట్టలుతికే సోడా ఉంది. పాలు విరగకుండా పాలవాళ్లు కొందరు ఎండ రోజుల్లో చిటికెడు వేస్తారు, ఈసారి చిటికెడు కాదు, గుప్పెడు పడింది. లాక్టోమీటరు దాన్ని పట్టలేదు. పాకమూ వెనిలా పడ్డాక తాగేవాడికీ తెలియదు. పంచదార వేయకముందు అర గ్లాసు నోట్లో పోసుకుంటే మాత్రం సబ్బు నీళ్లు తాగినట్టు ఉంటుంది. నాలిక ఉన్నవాడెవడైనా ఆ క్షణమే ఊసేస్తాడు.

విచారణ మరుసటి వారం, మా పై అధికారి గదిలో. ఆయన ఇంగ్లీషు దొర. మంచివాడే, కాగితంలో ఉన్నది నమ్మే మనిషి. ఒకవైపు పాలవాడు, ఇంకోవైపు ఉతికిన తెల్ల చొక్కా, టోపీతో చాచా. కిటికీ దగ్గర సీనియరు. పాలవాడు గట్టివాడు. పుస్తకం తెరిచి నా సంతకం మీద వేలు పెట్టాడు.

"ఎనిమిదింటికి నా పాలు బాగున్నాయని మీ ఆఫీసరే రాశాడు దొరా. తాగి రాశాడు. ఆ తరవాత ఎవరు ఏం కలిపారో నాకేం తెలుసు?"

దొర నావైపు తిరిగాడు. "ఇది నీ సంతకమేనా?"

"అవును సర్."

"పాలు తాగి చూశావా?"

ఇక్కడ నేను మీకు ఒక విషయం సూటిగా చెప్పాలి. తాగలేదని చెబితే తప్పు పాలవాడిదని తేలుతుంది, చాచా కొట్టు నిలుస్తుంది, నా ఉద్యోగం పోతుంది. తాగానని చెబితే సోడా ఎనిమిది తరవాత పడ్డట్టు లెక్క, అంటే చాచానే కలిపినట్టు. ఇది అర్థం కాక పొరపాటు పడ్డానని నేను చెప్పుకోలేను. బాగా అర్థమైంది. అమ్మ, మా వాడ, దేవుడి ముందు పెట్టిన ఆ ఉత్తరం, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. ఎర్ర పెన్సిలుతో గీసిన ఆ గడి వైపే చూస్తూ నిలబడ్డాను.

చాచా నన్ను చూశాడు. తరవాత దొర వైపు తిరిగాడు.

"తాగాడు మిస్యే. నిండు గ్లాసు. నేనే నా చేత్తో ఇచ్చా."

"అంతేనా?" అని దొర నన్ను అడిగాడు.

"ఎస్ సర్" అన్నాను.

దొంగకు తేలు కుట్టిందంటారే, అలా నిలబడ్డాను. చాచా లైసెన్సు రద్దయింది. ఆ మూల ఇంకొకరికి ఇచ్చారు. పాలవాడు పాలు పోస్తూనే ఉన్నాడు. నా ఉద్యోగం తరవాతి సంవత్సరం ఖాయమైంది, అమ్మ వాడంతా మిఠాయి పంచింది.

ఆ రోజు మెట్లు దిగుతుంటే సీనియరు నన్ను ఆపాడు.

"గార్సోన్, గోవిందా నెలలో శనివారం నువ్వు నాతో ఎప్పుడైనా టీ తాగావా?"

నేను తల వంచుకున్నాను. ఆయన గొడుగు తెరుచుకుని స్టేషను ఎదుటి టీ హోటలుకు ఒంటరిగా వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. పైవాళ్లకు చెప్పి ఉన్నా బాగుండేదేమో. ఆయన చేసింది ఒక్కటే. ఆ తరవాత వచ్చిన కొత్త పుస్తకాల్లో రుచి గడి గీయడం మానేశాడు.

చాచా ఇంటికి వెళ్లాలని రెండుసార్లు ప్లేన్ వెర్ట్ వీధి మలుపు దాకా పోయాను. రెండుసార్లూ వెనక్కి తిరిగాను. ఏళ్లు గడిచాయి. కొట్లన్నీ అలాగే ఉన్నాయి, టీ అలాగే ఉంది, నాకు మాత్రం ఏదీ గొంతు దాటి హాయిగా దిగేది కాదు. పని కాబట్టి తాగేవాణ్ణి. మొక్కు అయిదేళ్లు ఎప్పుడో పూర్తయింది. శనివారాలు ఇంకా వదల్లేదు, అది భక్తో సిగ్గో నాకే తెలియదు.

దేశానికి స్వాతంత్ర్యం వస్తుందని ఖాయమైన రోజుల్లో చాలా క్రియోల్ కుటుంబాలు ఓడలెక్కి ఆస్ట్రేలియా వెళ్లిపోయాయి. రాజ్యం మా తోటలవాళ్ల చేతికి పోతుందని వాళ్ల భయం, ఎవరి భయాలు వాళ్లకు ఉన్నాయి. సీనియరు అప్పటికి రిటైరయ్యాడు. ఆయన కూతురు ఆయన్నీ రమ్మంది. స్వాతంత్ర్యం కావాలా వద్దా అన్న ఎన్నికల్లో ఆయన ఓటు ఎటు వేశాడో, నేను ఎటు వేశానో ఇద్దరికీ తెలుసు, దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. ప్రయాణానికి రెండు రోజుల ముందు టోపీ పెట్టుకుని ఆఫీసుకొచ్చాడు.

"ఆలే గార్సోన్, పద. దాహమేస్తోంది."

పాత పద్ధతిలోనే తిరిగాం. టీ హోటలాయన ఆయన చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు. చైనా కొట్టాయన ఆయన ఎదుట గ్లాసు కొత్త తువ్వాలుతో తుడిచి, చూశావా అన్నట్టు తల ఎగరేశాడు. చింతపండు రసం అమ్మే ఆవిడ, అక్కడ చింతచెట్లుంటాయా అని అడిగింది. ఉండవేమో అన్నాడు. ఒక పొట్లంలో గింజలు కట్టిచ్చింది. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. మార్కెట్లోకి వచ్చాం. మూల కొట్టులో కొత్తవాడు కేకలు వేసి అమ్ముతున్నాడు. మంచి కొట్టే, జనం బాగానే ఉన్నారు. సీనియరు దూరంగా ఆగిపోయాడు.

"నాకిక్కడ దాహం లేదు" అన్నాడు. కాసేపు గొడుగు పిడి తిప్పుతూ నిలబడ్డాడు. "నేను ఆ దేశంలోనే కన్నుమూస్తాను గార్సోన్. అక్కడ చాచా ఎవరో ఎవరికీ తెలియదు. ఇక్కడ నిజం తెలిసి, చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే మిగులుతావు."

ఓడ గురువారం వెళ్లింది. సోమవారం నేను జరిగింది ఒప్పుకుంటూ మా పై అధికారికి ఉత్తరం రాశాను, ఒక పేజీ. అమ్మ అప్పటికి లేదు. ఉండి ఉంటే రాసేవాణ్ణో లేదో, ఇంత వయసొచ్చాక గొప్పలు ఎందుకు, నాకు తెలియదు. దొర వెళ్లిపోయి ఆయన కుర్చీలో మన దేశంవాడే కూర్చున్నాడు. చదివి, "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నావు" అనే అర్థం వచ్చే మాట ఫ్రెంచిలో అన్నాడు. కానీ న్యాయమైన మనిషి. చాచా పేర మార్కెట్లో ఆ మూల లైసెన్సే తిరిగి రాయించాడు, ఇప్పుడున్నవాడికి ఇంకో చోటు చూడమన్నాడు. నన్ను నగరం నుంచి తీసి విమానాశ్రయం పక్కన ప్లేన్ మాన్యెన్ ఊరికి మార్చి, జీతం పెరగకుండా ఆపాడు. ఇంతటితో పోయిందని చెప్పక తప్పదు.

లైసెన్సు కాగితం పట్టుకుని ఈసారి వీధి మలుపు దాటాను. చాచా ఇంటి వెనక వరండాలో కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు.

"నువ్వా బేటా! ఇన్నాళ్లూ దారి తప్పావా?"

కాగితం ఇచ్చాను. చేసింది చెప్పాను, ఆయనకు తెలిసిందే అయినా నా నోటితో చెప్పాను. ఎందుకు అబద్ధం చెప్పావు చాచా అని అడిగాను.

"గ్లాసు ఇవ్వనన్నది నేనే కదా" అన్నాడు. "నీ ఉపవాసం నేను కాపాడా. ఉపవాసం వల్ల నీ కొలువు పోతుందంటే అది కూడా నేనే కాపాడాలి. నువ్వు ఏడుపు ముఖం పెట్టుకుని నిలబడ్డావు, ఇంక నేనేం చేసేది? కూర్చో. అలూదా చేస్తా."

వద్దన్నా వినలేదు. గిన్నెలు దించి, గరిటలు లెక్కపెట్టి, గ్లాసు నా చేతిలో పెట్టాడు. తాగాను. పంచదార లేదు. జెల్లీ ఉడకలేదు. సబ్జా గింజలు నానక పళ్లకు తగులుతున్నాయి.

"కి మాన్యేర్?"

గుమ్మంలోంచి చాచా కోడలు నాకు సైగ చేస్తోంది, బాగుందని చెప్పమని. నేను గ్లాసు కింద పెట్టాను.

"చాచా, ఇందులో పంచదార వేయలేదు. జెల్లీ పచ్చిగా ఉంది."

కోడలు తల పట్టుకుంది. చాచా నన్ను చూసి, చూసి, ఒళ్లంతా కదిలేలా నవ్వాడు.

"అయితే ఈసారి నిజంగా తాగావు!"

నవ్వు ఆగాక కాగితం మడిచి నాకే ఇచ్చేశాడు. ఆ మూలలో ఉన్నవాడికి నలుగురు పిల్లలున్నారట, వాణ్ణి కదపొద్దన్నాడు. నాలిక లేనివాడికి కొట్టెందుకన్నాడు. "ఆదివారాలు మాత్రం రా. వచ్చి తాగి, ఏం తక్కువైందో చెప్పు. కోడలు నేర్చుకుంటుంది."

వెళ్లాను. ప్లేన్ మాన్యెన్ నుంచి రెండు బస్సులు మారి, ప్రతి ఆదివారం, ఒక్క గ్లాసు కోసం. మా ఆవిడ నాకు నగరంలో ఏదో వ్యవహారం ఉందని అనుమానపడి ఒకసారి నాతో వచ్చింది. తాగి, తిరుగు ప్రయాణంలో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. స్వాతంత్ర్యం వచ్చింది. ఆ ఆదివారం ప్లేన్ వెర్ట్ వీధుల్లో కొత్త జెండాలు ఇంకా వేలాడుతున్నాయి, చాచా పంచదార రెండు గరిటలు ఎక్కువేశాడు, అది కూడా చెప్పాను. నేను చెప్పేది కోడలు తలుపు మీద సుద్దతో రాసుకునేది. నా జీవితంలో అంత నిజాయితీగా పని చేసిన రోజులు లేవు. పోర్ట్ లూయీలో మంచి డ్రింక్ ఎక్కడ అని ఆ అమ్మాయి అడిగింది కదా, అదీ చోటు. అది రెండేళ్లు కూడా సాగలేదు. ఇప్పటికీ ఆదివారం పొద్దున లేవగానే బస్సు వేళ గుర్తొస్తుంది.

ఒక ఆదివారం వెళ్లేసరికి వరండా ఖాళీగా ఉంది. చాచా లోపల మంచం మీద ఉన్నాడు, నాలుగు రోజులుగా లేవలేదట. కోడలే గ్లాసు తెచ్చి ఇచ్చింది. తాగాను. వంక పెట్టడానికి ఏమీ లేదు. పాలు చిక్కగా, తీపి సరిగ్గా, జెల్లీ మెత్తగా, పాత కొట్టులో మంచి రోజున ఎలా ఉండేదో అలాగే ఉంది.

లోపలి నుంచి ఆ గొంతు వచ్చింది. "బేటా, కి మాన్యేర్?"

కోడలు నావైపు చూసింది. ఇన్నాళ్లుగా నేర్చుకున్న పిల్ల, తను ఎలా చేసిందో తనకు తెలుసు.

"నువ్వు చేసినంత బాగోలేదు చాచా" అన్నాను.

లోపల ఆయన నవ్వాడు. ఆ అమ్మాయి ముసుగు అంచు నోటికి అడ్డం పెట్టుకుని నాకు తల ఊపింది. ఆ వారంలోనే ఆయన పోయాడు.

రూలు ప్రకారం చూస్తే నేను ఆ ఆదివారం ఇచ్చింది తప్పుడు రిపోర్టు. దాని కింద సంతకం పెట్టమంటే ఇవాళైనా పెడతాను.